బేస్ గిటార్‌కు 60 వాట్ల సాలిడ్‌స్టేట్ ఆంప్లిఫయర్ ఇంట్లోనే కట్టుకునే విధానం

బేస్ గిటార్‌లో అన్నిటికంటే లావుపాటి ‘ఈ’ తీగను పట్టకుండా మీటితే వచ్చే స్వరం 41 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఐదు తీగల గిటార్‌లో కింది ‘బి’ తీగ 31 హెర్ట్జ్ వరకు దిగుతుంది. మామూలు ఎలక్ట్రిక్ గిటార్ అట్టడుగు స్వరం 82 హెర్ట్జ్. తేడా సగమే కదా అనిపిస్తుంది గానీ, ఒకే స్థాయి శబ్దం రావాలంటే ఫ్రీక్వెన్సీ సగానికి తగ్గిన ప్రతిసారీ స్పీకర్ కోన్ నాలుగు రెట్లు దూరం కదలాలి. పెళ్ళి ఆర్కెస్ట్రాల్లోనూ చర్చి పాటల బృందాల్లోనూ బేస్‌ను కీబోర్డు ఆంప్‌కో, గిటార్ ఆంప్‌కో తగిలించి వాయించేవారికి ఈ లెక్క చెవులతోనే తెలుసు: వాల్యూమ్ పెంచిన కొద్దీ స్వరం బలపడకుండా పగిలిపోతుంది, కొన్నాళ్ళకు స్పీకర్ కాయిల్ కాలిపోతుంది.

ఇక్కడ వివరించే ఆంప్లిఫయర్ 4 ఓంల స్పీకర్‌కు సుమారు 60 వాట్లు ఇస్తుంది. సాధన గదికీ, డ్రమ్స్ మరీ గట్టిగా మోగని చిన్న హాలుకూ ఇది సరిపోతుంది. ఆరుబయట స్టేజీకి చాలదు, అక్కడ దీన్ని మానిటర్‌గా పెట్టుకుని పీఏకు (హాలు మొత్తానికి వినిపించే పెద్ద సౌండ్ సిస్టమ్‌కు) లైన్ పంపుకోవాలి. సోల్డరింగ్ చేతికి అలవాటై, మల్టీమీటర్ వాడటం తెలిసినవారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. 230 వోల్టుల వైరింగులో ముందు అనుభవం లేకపోతే ఆ ఒక్క భాగాన్ని తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని చేయండి.

ఏ సర్క్యూట్, ఎందుకు

స్పీకర్‌ను నడిపే పవర్ ఆంప్‌ను విడివిడి ట్రాన్సిస్టర్లతో కట్టవచ్చు. అందులో బయాస్ సర్దుబాటు, జత ట్రాన్సిస్టర్ల ఎంపిక, షార్ట్ సర్క్యూట్ రక్షణ, అన్నీ మనమే చూసుకోవాలి. మొదటిసారి కట్టేవారు ఎల్‌ఎం3886 అనే ఐసితో మొదలుపెట్టడం మంచిది. నేషనల్ సెమీకండక్టర్ తయారుచేసిన ఈ చిప్ ఇప్పుడు టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ పేరుతో వస్తోంది. ప్లస్, మైనస్ 28 వోల్టుల సప్లై మీద 4 ఓంలకు 68 వాట్లు ఇస్తుందని డేటాషీట్ చెబుతుంది. ఎక్కువ వేడెక్కినా, అవుట్‌పుట్ షార్టయినా తనను తాను కాపాడుకునే ఏర్పాటు చిప్ లోపలే ఉంది. చౌకగా దొరికే క్లాస్-డి బోర్డులు తక్కువ వేడితో ఇంతకంటే ఎక్కువ వాట్లు ఇస్తాయన్నది నిజమే. కానీ వాటిలో ఒక భాగం పోతే మొత్తం బోర్డు పారేయవలసి వస్తుంది. ఇందులో ఏది పోయినా పది నిమిషాల్లో మార్చుకోవచ్చు.

నకిలీ చిప్‌ల విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలోనైనా, ఆన్‌లైన్‌లోనైనా, ధర మరీ తక్కువగా ఉండి, పైనున్న అక్షరాలు స్పిరిట్‌తో తుడిస్తే చెరిగిపోయే ఐసిని కొనవద్దు. పాత పరికరం నుంచి ఊడదీసి కాళ్ళకు మళ్ళీ తగరం పూసిన చిప్‌ల కాళ్ళు కొత్తవాటిలా సమంగా ఉండవు. భూతద్దం పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

పవర్ సప్లై

డబ్బు ఖర్చు పెట్టవలసింది ఇక్కడే. 20-0-20 వోల్టులు, 4 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అంటే 160 వీఏ. 20 వోల్టుల ఏసీని రెక్టిఫై చేస్తే, అంటే డిసిగా మారిస్తే, డయోడ్ల నష్టం పోను ఒక్కో వైపు 27 వోల్టులు వస్తాయి. గట్టిగా వాయించినప్పుడు అది 25కు దిగుతుంది. చిప్ తన కోసం మరో 3 వోల్టులు ఉంచుకుంటుంది కాబట్టి స్పీకర్ చివరన 22 వోల్టుల శిఖరం మిగులుతుంది. 22ను 22తో గుణించి, 4 ఓంల రెట్టింపు అయిన 8తో భాగిస్తే 60 వాట్లు. ఈ లెక్కను ఒకసారి కాగితం మీద వేసుకుంటే అంగడిలో ఎవరేం చెప్పినా మోసపోరు.

దుకాణంలో 20-0-20 దొరకకపోతే 18-0-18 తీసుకోండి, శక్తి 45 వాట్ల దగ్గర ఆగుతుంది, చెవికి ఆ తేడా స్వల్పమే. 24-0-24 మాత్రం 4 ఓంల స్పీకర్‌కు వద్దు. వోల్టేజి ప్లస్, మైనస్ 33 దాటిపోయి, చిప్ వేడెక్కి, రక్షణ వ్యవస్థ పనిచేసి, స్వరాల మధ్యలో టపటపమనే శబ్దం వస్తుంది. వైండింగ్ షాపులో చేయించుకునేటప్పుడు ‘4 ఆంపియర్లు’ అని చీటీ అంటించి 2 ఆంపియర్ల తీగ చుట్టి ఇవ్వడం అరుదేమీ కాదు. 160 వీఏ ట్రాన్స్‌ఫార్మర్ చేతికి సుమారు రెండు కిలోల బరువు తగలాలి, అంతకు బాగా తక్కువ ఉంటే అనుమానించండి.

ట్రాన్స్‌ఫార్మర్ రెండు చివరి తీగలను కేబీపీసీ2510 వంటి 25 ఆంపియర్ల బ్రిడ్జ్ రెక్టిఫయర్‌లోని రెండు ఏసీ కాళ్ళకు కలపండి. బ్రిడ్జ్ ప్లస్ నుంచి మధ్య తీగకు ఒక 10,000 మైక్రోఫారడ్, 50 వోల్టుల కెపాసిటర్, మధ్య తీగ నుంచి బ్రిడ్జ్ మైనస్‌కు మరొకటి పెట్టాలి. రెండో కెపాసిటర్ దగ్గరే చాలామంది తడబడతారు: దాని ప్లస్ కాలు మధ్య తీగకు, మైనస్ కాలు బ్రిడ్జ్ మైనస్‌కు వెళ్ళాలి. తిరగేస్తే అది ఉబ్బి పేలుతుంది. పూర్తి శక్తి మీద ఒక్కో వైపు సగటున 1.75 ఆంపియర్లు లాగుతాం. సెకనుకు 100 సార్లు నిండే 10,000 మైక్రోఫారడ్ల మీద అలలు కూడా 1.75 వోల్టులే ఉంటాయి. 4,700 పెడితే అది మూడున్నర దాటుతుంది. సాగదీసిన కింది స్వరం మధ్యలో నీరసపడటానికి చాలాసార్లు కారణం ఇదే.

ఒక్కో కెపాసిటర్‌కు అడ్డంగా 2.2 కిలో ఓంల, 1 వాట్ రెసిస్టర్ పెట్టండి. స్విచ్ ఆపిన నిమిషానికి కెపాసిటర్లు ఖాళీ అవుతాయి. అది లేని ఆంప్‌లో గంట తర్వాత స్క్రూడ్రైవర్ జారినా నిప్పురవ్వ లేస్తుంది.

మెయిన్స్ వైపు మూడు తీగల వైరు, ఫేజ్ తీగలో 1.6 ఆంపియర్ల స్లో-బ్లో ఫ్యూజు, ఆ తర్వాత రెండు తీగలనూ తెంచే స్విచ్ ఉండాలి. ఫ్యూజ్ హోల్డర్, స్విచ్ కాళ్ళకు ష్రింక్ ట్యూబ్ తప్పనిసరి. పచ్చ ఎర్త్ తీగను క్యాబినెట్ లోహపు షాసీకి దానికంటూ కేటాయించిన బోల్టుతో, పెయింట్ గీకిన చోట, స్ప్రింగ్ వాషర్ వేసి బిగించండి. ఆ బోల్టుకు మరే భాగాన్నీ తగిలించకూడదు.

పవర్ ఆంప్ బోర్డు

ఎల్‌ఎం3886కు 11 కాళ్ళు ఉంటాయి. 1, 5 కాళ్ళు ప్లస్ సప్లైకి, 4వ కాలు మైనస్‌కు, 3 అవుట్‌పుట్, 7 గ్రౌండ్, 8 మ్యూట్, 9 ఇన్వర్టింగ్ ఇన్‌పుట్, 10 నాన్ ఇన్వర్టింగ్ ఇన్‌పుట్. 2, 6, 11 కాళ్ళు ఖాళీ. 5వ కాలును కలపడం మరిచిపోయి, చిప్ పాడైందని మార్చినవారిని చూశాను.

అవుట్‌పుట్ నుంచి 9వ కాలుకు 22 కిలో ఓంల రెసిస్టర్, 9వ కాలు నుంచి గ్రౌండ్‌కు 1 కిలో ఓం, దానితో వరుసగా 47 మైక్రోఫారడ్ల నాన్‌పోలార్ కెపాసిటర్ పెట్టండి. గెయిన్, అంటే సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందో ఆ లెక్క, 23 అవుతుంది. ఈ చిప్ గెయిన్ 10 కంటే తగ్గితే స్థిరంగా ఉండదు కాబట్టి, శబ్దం ఎక్కువైందని ఇక్కడ గెయిన్ తగ్గించే ప్రయత్నం చేయవద్దు. 10వ కాలు నుంచి గ్రౌండ్‌కు మరో 22 కిలో ఓంలు. ఈ రెండు విలువలూ సమానంగా ఉండటం వల్ల స్పీకర్ మీదికి వెళ్ళే డిసి వోల్టేజి తక్కువగా ఉంటుంది. ఇన్‌పుట్ సిగ్నల్ 10వ కాలుకు 0.33 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ ద్వారా రావాలి. 22 కిలో ఓంలతో కలిసి అది 22 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని తగ్గించుకుంటూ వస్తుంది. ఇక్కడ పెద్ద కెపాసిటర్ పెడితే బేస్ పెరుగుతుందనుకోవడం సహజమే. కానీ తీగ మీద అరచేయి ఆనించినప్పుడు, కేబుల్ లాగినప్పుడు పుట్టే 5, 10 హెర్ట్జ్ కుదుపులకు స్వరం ఉండదు, అవి కోన్‌ను ఊరికే ముందుకు వెనక్కు తోస్తాయి, అంతే.

8వ కాలు నుంచి మైనస్ సప్లైకి 10 కిలో ఓంలు, 22 కిలో ఓంలు వరుసగా పెట్టి, రెండిటి మధ్య నుంచి గ్రౌండ్‌కు 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలపండి, ప్లస్ కాలు గ్రౌండ్ వైపు ఉండాలి. ఈ కాలు నుంచి కనీసం అర మిల్లీ ఆంపియర్ బయటికి లాగితేనే చిప్ గొంతు విప్పుతుంది. కాలును ఖాళీగా వదిలితే మౌనమే. అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు 2.7 ఓంలు, 0.1 మైక్రోఫారడ్ వరుసగా. స్పీకర్‌కు వెళ్ళే దారిలో 10 ఓంల, 2 వాట్ల రెసిస్టర్ మీద పది చుట్లు చుట్టిన ఎనామెల్ రాగి తీగ. సప్లై కాళ్ళకు వేలెడు దూరంలోపే 0.1 మైక్రోఫారడ్ సిరామిక్, దాని పక్కనే 470 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్, రెండు వైపులా ఉండాలి. ఇవి దూరమైతే చిప్ మన చెవికి వినిపించని ఫ్రీక్వెన్సీలో ఊగడం మొదలుపెట్టి, పాట లేకుండానే కాలిపోతుంది.

హీట్ సింక్: మన ఎండల లెక్క

ప్లస్, మైనస్ 27 వోల్టుల మీద 4 ఓంలు నడిపేటప్పుడు చిప్‌లో గరిష్ఠంగా 37 వాట్ల వేడి పుడుతుంది. ఈ గరిష్ఠం పూర్తి వాల్యూమ్ దగ్గర కాక నడిమి వాల్యూమ్ దగ్గర వస్తుంది. చిప్ లోపలి ఉష్ణోగ్రత 150 డిగ్రీలు దాటకూడదు. చాలా పట్టికలు గది ఉష్ణోగ్రతను 25 డిగ్రీలుగా తీసుకుంటాయి. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో, రేకుల షెడ్డులో పెట్టిన పెట్టె లోపల 45 కంటే తక్కువ అనుకోవడానికి వీల్లేదు. మిగిలిన 105 డిగ్రీలను 37తో భాగిస్తే వాటుకు 2.8 డిగ్రీలు. అందులో చిప్ స్వయంగా 1, మైకా ముక్క, పేస్టు కలిపి అర డిగ్రీ తీసుకుంటాయి. హీట్ సింక్‌కు మిగిలేది 1.3 మాత్రమే. వాటుకు ఒక డిగ్రీ రేటింగ్ ఉన్నది కొనండి. రేటింగ్ రాసి లేకపోతే 15 సెంటీమీటర్ల పొడవు, 10 ఎత్తు, 4 సెంటీమీటర్ల రెక్కలకు తగ్గనివ్వకండి. రెక్కలు నిలువుగా, పెట్టె బయట ఉండాలి.

చిప్ వెనుక లోహపు రేకు మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది. అందుకే మైకా ముక్క, స్క్రూకు ప్లాస్టిక్ బుష్ రెండూ అవసరం. నేను మొదటిసారి కట్టినప్పుడు మైకా పెట్టాను, పేస్టు పూశాను, బుష్ మాత్రం చిన్నదని వదిలేశాను. స్క్రూ మరలు రేకు రంధ్రం అంచుకు సరిగ్గా ఒకచోట ఆనాయి. స్విచ్ వేయగానే పరీక్ష కోసం సీరీస్‌లో పెట్టిన బల్బు పూర్తి వెలుగుతో వెలిగింది. బల్బు లేకుంటే ఏం వెలిగేదో చెప్పనక్కరలేదు. బిగించిన తర్వాత రేకుకూ హీట్ సింక్‌కూ మధ్య మల్టీమీటర్ బీప్ పెట్టి చూడండి, మోగితే విప్పి మళ్ళీ బిగించండి. అంతా ప్లాస్టిక్‌తో కప్పిన ఎల్‌ఎం3886టీఎఫ్ రకం దొరికితే ఈ బాధ ఉండదు, కాకపోతే అది వేడిని కాస్త నెమ్మదిగా వదులుతుంది.

ప్రీఆంప్

గిటార్ సిగ్నల్‌ను పవర్ ఆంప్‌కు అందించే ముందు పెంచి, టోన్ దిద్దే భాగం ఇది. బ్యాటరీ లేని మామూలు బేస్ పికప్ అంటే వేల చుట్ల సన్నటి రాగి తీగ. దాని మీద భారం పడితే పైస్వరాలు పోయి, దుప్పటి కప్పినట్టు మోగుతుంది. అందుకే ఇన్‌పుట్ ఇంపిడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం) 1 మెగా ఓం ఉండాలి. జెఫెట్ ఇన్‌పుట్ ఉన్న టీఎల్072 ఆప్‌ఆంప్ (చిన్న సిగ్నల్‌ను పెంచే సర్క్యూట్) ఇందుకు చక్కగా పనికొస్తుంది, ఏ చిన్న ఊళ్ళోనైనా దొరుకుతుంది. ఒకే ఐసిలో రెండు ఆప్‌ఆంప్‌లు ఉండటం వల్ల ప్రీఆంప్ మొత్తం దానితోనే ముగుస్తుంది.

జాక్ నుంచి 1 కిలో ఓం, 0.1 మైక్రోఫారడ్ ద్వారా మొదటి ఆప్‌ఆంప్ ప్లస్ ఇన్‌పుట్‌కు వెళ్ళి, అక్కడి నుంచి గ్రౌండ్‌కు 1 మెగా ఓం పెట్టండి. అదే బిందువు నుంచి 100 పికోఫారడ్ కూడా గ్రౌండ్‌కు కలిపితే, పక్కనున్న మొబైల్ ఫోన్ చేసే టకటకలు చాలావరకు తగ్గుతాయి. ఫీడ్‌బ్యాక్‌లో 10 కిలో ఓంలు. మైనస్ ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్ వైపు 1 కిలో ఓం, 10 కిలో ఓంల పాట్ (నాబ్‌తో తిప్పే రెసిస్టర్), 47 మైక్రోఫారడ్ వరుసగా. ఈ పాట్ తిప్పితే గెయిన్ సుమారు 2 నుంచి 11 వరకు మారుతుంది. మెత్తగా వాయించే పాసివ్ గిటార్‌కు పూర్తిగా తెరవాలి, లోపల బ్యాటరీ ఉన్న యాక్టివ్ గిటార్‌కు మూసి ఉంచాలి.

రెండో ఆప్‌ఆంప్ టోన్‌కు. బేస్, ట్రెబుల్‌లను విడివిడిగా పెంచి తగ్గించే బాక్సండాల్ పద్ధతిలో బేస్ పాట్ 100 కిలో ఓంలు లీనియర్; దాని రెండు చివరలకు చెరొక రెసిస్టర్, ఒకటి మొదటి దశ అవుట్‌పుట్‌కు, మరొకటి ఈ దశ అవుట్‌పుట్‌కు; ప్రతి చివర నుంచి మధ్య కాలుకు 47 నానోఫారడ్; మధ్య కాలు నుంచి 10 కిలో ఓంల ద్వారా మైనస్ ఇన్‌పుట్‌కు. ప్లస్ ఇన్‌పుట్ గ్రౌండ్‌కు. చివరల్లోని రెసిస్టర్లకు చాలా సర్క్యూట్లు 10 కిలో ఓంలు సూచిస్తాయి. అది హైఫైకి రాసిన విలువ, దానితో కింది స్వరాలను 20 డెసిబెల్స్ పెంచవచ్చు. 20 డెసిబెల్స్ అంటే వంద రెట్ల శక్తి. బేస్ గిటార్‌కు అంత స్వేచ్ఛ ఇస్తే ఎవరో ఒకరు నాబ్‌ను చివరి దాకా తిప్పుతారు, స్పీకర్ పోతుంది. ఇక్కడ 22 కిలో ఓంలు పెట్టండి, గరిష్ఠం 15 డెసిబెల్స్‌లోపు ఆగుతుంది. ట్రెబుల్ పాట్ 500 కిలో ఓంలు లీనియర్, చివరలకు చెరొక 5.6 కిలో ఓంలు, మధ్య కాలు నుంచి మైనస్ ఇన్‌పుట్‌కు 4.7 నానోఫారడ్. ఇది 700 హెర్ట్జ్ పైనుంచి పనిచేస్తుంది. వేలు తీగను తాకే చప్పుడు, స్లాప్ వాయింపులోని తళుకు ఉండేది అక్కడే.

చివరగా 10 కిలో ఓంల లాగ్ పాట్ మాస్టర్ వాల్యూమ్. అక్కడి నుంచి పవర్ ఆంప్ ఇన్‌పుట్ కెపాసిటర్‌కు షీల్డ్ వైరు.

ప్రీఆంప్‌కు ప్లస్, మైనస్ 15 వోల్టులు చాలు. ఒక్కో వైపు 1 కిలో ఓం, 1 వాట్ రెసిస్టర్, 15 వోల్టుల 1 వాట్ జీనర్, 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే సరి. 7815, 7915 రెగ్యులేటర్లు కూడా వాడవచ్చు గానీ రెండిటి కాళ్ళ వరుస ఒకటి కాదు. 7815లో ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్. 7915లో గ్రౌండ్, ఇన్‌పుట్, అవుట్‌పుట్. రాత్రి పదకొండింటికి సోల్డర్ చేసేవారికి ఇది మంచి ఉచ్చు, అందుకే జీనర్ అంటున్నాను.

గ్రౌండ్ తీగలు

మన కరెంటు 50 హెర్ట్జ్. ‘ఈ’ తీగ మీద మూడో ఫ్రెట్ పట్టుకుంటే వచ్చే ‘జి’ స్వరం 49 హెర్ట్జ్. గిటార్ ఆంప్ స్పీకర్ 50 హెర్ట్జ్ హమ్‌ను సరిగా పలకలేదు కాబట్టి దాని తప్పు దాగిపోతుంది. బేస్ స్పీకర్ ఆ స్వరాన్నే పలకడానికి తయారైనది కాబట్టి ఏదీ దాచదు. పైగా మీరు ‘జి’ మీటినప్పుడల్లా హమ్ దానితో కలిసి అల అలగా కొట్టుకుంటుంది. కాబట్టి వైరింగు మీద ఒక సాయంత్రం ఎక్కువ గడిపినా నష్టం లేదు.

సూత్రం ఒక్కటే: పెద్ద కరెంటు పారే తీగలో చిన్న సిగ్నల్ ప్రయాణించకూడదు. రెండు పెద్ద కెపాసిటర్లు కలిసే చోటుకు ట్రాన్స్‌ఫార్మర్ మధ్య తీగ వస్తుంది. ఆ ముక్కలో సెకనుకు వంద సార్లు పది ఆంపియర్లను మించిన పోట్లు కూడా పారవచ్చు. అక్కడ ఇంకేమీ కలపకుండా, అక్కడి నుంచి రెండు అంగుళాల మందపాటి తీగతో మరో బిందువుకు రండి. దాన్ని నక్షత్ర బిందువు అందాం. స్పీకర్ మైనస్, పవర్ ఆంప్ 7వ కాలు, 2.7 ఓంలు, 0.1 మైక్రోఫారడ్ జత గ్రౌండ్, ప్రీఆంప్ గ్రౌండ్, వేటికవే వేరు తీగలతో ఇక్కడికి చేరాలి. పవర్ ఆంప్ ఇన్‌పుట్ వైపు గ్రౌండ్ మాత్రం ప్రీఆంప్ గ్రౌండ్‌తో కలిసి రావాలి. నక్షత్ర బిందువు నుంచి ఒకే ఒక్క తీగ షాసీకి. ఇన్‌పుట్ జాక్ ప్లాస్టిక్ శరీరం ఉన్నదై ఉండాలి. లోహపు జాక్ షాసీని తాకితే రెండో దారి ఏర్పడి హమ్ మొదలవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌ను ఇన్‌పుట్ జాక్‌కు సాధ్యమైనంత దూరంగా ఉంచి, ఏసీ తీగలను ఒకదానితో ఒకటి మెలిపెట్టండి.

హమ్ వస్తోందని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయడం స్టేజీల మీద మామూలైన పాపం. బేస్ తీగలు గిటార్ మీద అవి ఆనే లోహపు బ్రిడ్జ్ ద్వారా ఆంప్ గ్రౌండ్‌కు కలిసి ఉంటాయి. ఆ తీగలను చేతులతో పట్టుకుని, పెదవులు మైకును తాకినప్పుడు, ఆ రెండు పరికరాల మధ్య తేడా వోల్టేజి ఉంటే కరెంటు మీ గుండెల మీదుగా వెళుతుంది. పాత ఇళ్ళలో సాకెట్‌కు మూడో రంధ్రం ఉంటుంది గానీ లోపల తీగ ఉండదు. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 230 దగ్గర, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొద్ది వోల్టులే చూపితేనే ఆ సాకెట్ వాడండి.

మొదటిసారి కరెంటు ఇవ్వడం

సీరీస్ బోర్డులో 60 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టి, దాని ద్వారానే ఆంప్‌కు కరెంటు ఇవ్వండి. ఎల్‌ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు. ముందు ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జ్, కెపాసిటర్లు మాత్రమే కలిపి ఉంచాలి. బల్బు ఒకసారి మెరిసి ఆరిపోవాలి. తర్వాత ప్లస్, మైనస్ వోల్టేజీలు కొలవండి, రెండూ 27 నుంచి 29 మధ్య దాదాపు సమానంగా ఉండాలి. స్విచ్ ఆపి, కెపాసిటర్లు ఖాళీ అయ్యాక ప్రీఆంప్ కలిపి, ఐసి పెట్టకముందు సాకెట్ 8వ కాలు మీద ప్లస్ 15, 4వ కాలు మీద మైనస్ 15 ఉన్నాయేమో చూసుకోండి. ఆ తర్వాతే పవర్ ఆంప్.

స్పీకర్ లేకుండానే అవుట్‌పుట్‌లో డిసి కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే మంచిది. వోల్టులలో కనిపిస్తే 9, 10 కాళ్ళ సోల్డరింగ్ వెతకండి. సిగ్నల్ లేనప్పుడు చిప్ సుమారు 50 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే రెండున్నర వాట్ల పైచిలుకు, హీట్ సింక్ గోరువెచ్చగా ఉండటం సహజం. పది నిమిషాల్లో చేయి పెట్టలేనంత వేడెక్కితే చిప్ ఊగుతోందని అర్థం. సప్లై కాళ్ళ దగ్గరి సిరామిక్ కెపాసిటర్లను మరింత దగ్గరకు జరపండి.

ఇప్పుడు బల్బు తీసేసి, 22 ఓంల, 10 వాట్ల సిరామిక్ రెసిస్టర్లు ఐదింటిని సమాంతరంగా కలిపి 4.4 ఓంల నకిలీ స్పీకర్ చేసుకోండి. ఇటుక మీద పెట్టండి, కింద బల్ల కాలుతుంది. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్‌తో 100 హెర్ట్జ్ సైన్ తరంగం ఇచ్చి, వాల్యూమ్ మెల్లగా పెంచుతూ ఏసీ వోల్టులు చూడండి. 15 నుంచి 16 వోల్టుల దగ్గర పెరుగుదల మందగిస్తే ఆంప్ తన హద్దుకు చేరినట్టే. ఈ పరీక్ష అర నిమిషం మించి చేయవద్దు.

స్పీకర్‌ను కలిపే ముందు డిసి రక్షణ బోర్డు పెట్టుకోవడం నా సలహా. యూపీసీ1237 ఐసి, రిలే ఉన్న చిన్న బోర్డులు తక్కువ ధరకే దొరుకుతాయి. చిప్ చచ్చిపోయేటప్పుడు 27 వోల్టుల డిసిని నేరుగా స్పీకర్ మీదికి వదిలి చస్తుంది. చిప్ కంటే స్పీకర్ ఎన్నో రెట్లు ఖరీదు.

స్పీకర్, పెట్టె

60 వాట్ల ఆంప్‌కు స్పీకర్ సెన్సిటివిటీ ముఖ్యం. ఒక వాటుకు 86 డెసిబెల్స్ ఇచ్చే కారు సబ్‌వూఫర్ బదులు 96 ఇచ్చే 12 అంగుళాల ప్రొఫెషనల్ స్పీకర్ పెడితే, అదే ఆంప్‌తో, 86 డెసిబెల్స్ స్పీకర్‌ను 600 వాట్లతో నడిపినంత శబ్దం వస్తుంది. 4 ఓంలది దొరకకపోతే 8 ఓంలు రెండు సమాంతరంగా కలపండి. ఒక్క 8 ఓంల స్పీకర్‌తో శక్తి సుమారు సగానికి పడినా చెవికి మూడు డెసిబెల్స్ తేడాయే. స్పీకర్ కనీసం 150 వాట్లు తట్టుకునేదై ఉండాలి.

పెట్టెను మూసిన పద్ధతిలో కట్టండి. రంధ్రం ఉన్న పెట్టెలో లెక్క తప్పితే, ట్యూనింగ్ కింది స్వరాల దగ్గర కోన్‌కు గాలి ఆసరా పోయి విపరీతంగా కదులుతుంది. మూసిన పెట్టె కాస్త పొరపాటునైనా క్షమిస్తుంది. స్పీకర్ డేటాషీట్‌లో క్యూటీఎస్ (కోన్ ఊగిసలాట ఎంత అదుపులో ఉందో చెప్పే అంకె) 0.45, వాస్ (కోన్ బిగువుకు సమానమైన గాలి పరిమాణం) 100 లీటర్లు అనుకుంటే, 60 లీటర్ల పెట్టెలో మొత్తం క్యూ 0.73 అవుతుంది, అది మెచ్చదగినది. లోపలి కొలతలు 50, 40, 30 సెంటీమీటర్లు అయితే సరిగ్గా 60 లీటర్లు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, ఫెవికాల్, స్క్రూలు, ముందూ వెనుకా పలకలను కలుపుతూ మధ్యలో ఒక అడ్డకర్ర ఉండాలి. పార్టికల్ బోర్డు వద్దు, వానాకాలంలో మూలలు ఊడిపోతాయి. లోపల మూడు గోడలకు పాత దిండు దూది పరిచినా సరే. ఆంప్‌ను అదే పెట్టెలో పెట్టాలనుకుంటే దానికి పైన వేరే అర ఉండాలి, గాలి బయటికి పోయేలా.

తీగ మీద మొదటి పరీక్ష

అన్ని నాబ్‌లూ సున్నా మీద ఉంచి స్విచ్ వేయండి. మాస్టర్ సున్నాలోనే హమ్ ఉంటే తప్పు పవర్ ఆంప్ గ్రౌండ్‌లోనో ట్రాన్స్‌ఫార్మర్ దూరంలోనో ఉంది. గరగరమనే 100 హెర్ట్జ్ శబ్దమైతే కెపాసిటర్ల చోటులో ఏదో అదనంగా కలిసింది, మెత్తగా గుమ్మనే 50 హెర్ట్జ్ అయితే రెండో ఎర్త్ దారి ఉంది. మాస్టర్ పెంచినప్పుడే వస్తే ప్రీఆంప్ వైపు చూడండి. గిటార్ తగిలించాకే మొదలై, తీగలను ముట్టుకోగానే తగ్గితే ఆంప్ జోలికి పోవద్దు, అది గిటార్ లోపలి షీల్డింగ్ పని.

తర్వాత ‘ఈ’ తీగ మీద ఒక్కో ఫ్రెట్ ఎక్కుతూ, ఒక్కో స్వరాన్ని నాలుగేసి సెకన్లు నిలబెట్టండి. పన్నెండు ఫ్రెట్లలో ఏదో ఒకచోట పెట్టె కిర్రుమంటుంది. నా పెట్టెలో అది ఐదో ఫ్రెట్ దగ్గర, 55 హెర్ట్జ్‌లో వచ్చేది. స్పీకర్ చిరిగిందేమోనని గంటసేపు వెతికాక, హ్యాండిల్ స్క్రూల కింద వాషర్ లేకపోవడమే కారణమని తేలింది. అరచేతితో పెట్టె నలువైపులా నొక్కుతూ వాయించమని మరొకరిని కూర్చోబెడితే, ఎక్కడ నొక్కినప్పుడు కిర్రు ఆగుతుందో అక్కడే వదులు ఉన్నట్టు. ఆ స్క్రూ బిగించి, మళ్ళీ మొదటి ఫ్రెట్ నుంచి ఎక్కండి.